తిన్నదంతా ఒంటికి పడుతుందా?
పంది మేత పరీక్షలు మన ఇంటి వంటకు నేర్పే పాఠం



మన ఆసుపత్రికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల గ్రామాల నుండి వచ్చే తల్లులు తరచుగా ఒక మాట అంటారు. "అమ్మా, పిల్లవాడు మూడు పూటలా అన్నం తింటనే ఉన్నడు గానీ ఒంటికి పడతలేదు." సంఘంలో పందులు పెంచుకునే కుటుంబాలవారు కూడా ఇదే మాట ఇంకో విధంగా అంటారు. "బస్తాలకు బస్తాలు తవుడు తింటున్నయి, కండ మాత్రం పడతలేదు." ఒకటి పిల్లవాడి సంగతి, ఇంకొకటి పంది సంగతి. రెండిటికీ జవాబు మాత్రం దాదాపు ఒకటే. తిన్నది ఎంత అన్నది ఒక లెక్క, అందులో ఒంటికి పట్టింది ఎంత అన్నది వేరొక లెక్క.

ఈ రెండవ లెక్కను ఎలా తీస్తారో ఈ సంచికలో వివరించాలనుకున్నాము. దీనిని శాస్త్రజ్ఞులు ముందుగా పందుల మేత విషయంలో బాగా నేర్చుకున్నారు. ఆ తరువాతే అది మనుషుల ఆహారానికి ఉపయోగపడింది. ఆసుపత్రి పత్రికలో పందుల సంగతేమిటని ఎవరూ అనుకోవద్దు. చివరి వరకు చదివితే ఇది మీ ఇంటి పప్పుగిన్నె గురించిన విషయమేనని మీకే తెలుస్తుంది.

మాంసకృత్తులు అంటే ఏమిటి?

మన కండరాలు, చర్మం, రక్తం, రోగాలతో పోరాడే శక్తి, గాయాలు మానడం, ఇవన్నీ మాంసకృత్తుల మీద ఆధారపడి ఉన్నాయి. వీటినే ప్రోటీన్లు అంటాము. పేరులో మాంసం ఉన్నా ఇవి మాంసంలోనే ఉంటాయనుకోకూడదు. పప్పులో, పాలలో, గుడ్డులో, పల్లీలలో, కొద్దిగా బియ్యంలో కూడా ఉంటాయి.

ప్రోటీను అనేది ఒక దండ అనుకుంటే అందులోని పూసలే అమైనో ఆమ్లాలు. మొత్తం 20 రకాల పూసలు ఉంటాయి. అందులో 9 రకాలను మన శరీరం తయారు చేసుకోలేదు, తిండి ద్వారానే రావాలి. వీటిని ఆవశ్యక అమైనో ఆమ్లాలు అంటారు. మన ప్రాంతంవారు వీటిలో ముఖ్యంగా తెలుసుకోవలసింది లైసిన్. ఎందుకంటే మనం ఎక్కువగా తినే బియ్యంలో తక్కువగా ఉండేది అదే.

ఇల్లు కట్టే మేస్త్రీని చూడండి. ఇటుకలు లారీ నిండా వచ్చినా సిమెంటు రెండు బస్తాలే ఉంటే, ఆ రెండు బస్తాలకు సరిపడా గోడే లేస్తుంది. మిగిలిన ఇటుకలు పక్కన పడి ఉంటాయి. అలాగే ఒక్క లైసిన్ తక్కువైతే మిగిలిన అమైనో ఆమ్లాలు ఎన్ని ఉన్నా శరీరం కండగా మార్చుకోలేదు. వాటిని కాల్చివేసి, మిగిలిన నత్రజనిని మూత్రంలో పంపేస్తుంది.

బస్తా మీద రాసిన శాతం పూర్తి నిజం కాదు

మేత బస్తా మీద "ప్రోటీను 20 శాతం" అని ఉంటుంది. పిల్లల పౌడరు డబ్బా మీద కూడా ఇలాంటి అంకె ఉంటుంది. ఆ అంకె సాధారణంగా నత్రజనిని కొలిచి కట్టినది. డెన్మార్క్ దేశస్థుడు యోహాన్ కెల్డాల్ 1883లో కనిపెట్టిన పద్ధతి ఇది. పదార్థాన్ని ఆమ్లంలో ఉడికించి, అందులోని నత్రజనిని కొలిచి, ఆ అంకెను 6.25తో హెచ్చిస్తారు. ప్రోటీనులో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి ఈ లెక్క.

ఈ పద్ధతి మంచిదే గాని దీనికి మూడు విషయాలు తెలియవు. ఆ నత్రజని నిజంగా ప్రోటీనులోదేనా అన్నది తెలియదు. అందులో ఏ అమైనో ఆమ్లం ఎంత ఉందో తెలియదు. తిన్న తరువాత ఎంత జీర్ణమవుతుందో తెలియదు. 2008లో చైనాలో కొందరు స్వార్థపరులు పాలలో నీళ్ళు కలిపి, ఆ లోటు పరీక్షలో బయటపడకుండా మెలమిన్ అనే రసాయనం కలిపారు. మెలమిన్‌లో నత్రజని ఎక్కువ. పరీక్షలో ప్రోటీను బాగానే ఉన్నట్టు కనిపించింది. కాని ఆ పాలపొడి తాగిన దాదాపు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు. మూత్రపిండాలు దెబ్బతిని 6గురు చనిపోయారు. అంకెను మాత్రమే చూసి నమ్మితే జరిగే అనర్థానికి ఇది ఒక ఉదాహరణ.

అమైనో ఆమ్లాలను విడివిడిగా లెక్కపెట్టే యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి. దానితో రెండవ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మూడవ ప్రశ్నకు జవాబు ఏ యంత్రమూ చెప్పలేదు. కడుపే చెప్పాలి.

పందినే ఎందుకు ఎంచుకున్నారు?

గేదె, మేక వంటివి నెమరువేసే జంతువులు. వాటి కడుపులోని సూక్ష్మజీవులు గడ్డిని కూడా ప్రోటీనుగా మార్చగలవు. పందికి మనలాగే ఒకటే జీర్ణకోశం. అది మనలాగే ధాన్యం, కూర, మాంసం అన్నీ తింటుంది. చిన్నప్రేగు పనిచేసే తీరు కూడా మనకు చాలా దగ్గర. అందుకే పందికి జీర్ణమయ్యే తీరు చూసి మనిషికి ఎలా జీర్ణమవుతుందో అంచనా వేయవచ్చు.

మొదట్లో ఈ పరీక్షలు పంది రైతుల కోసమే చేశారు. పందుల పెంపకంలో ఎక్కువ ఖర్చు మేతదే. మన రాష్ట్రాలలో కూడా పందుల మీద పరిశోధన కొత్తది కాదు. తిరుపతి పశువైద్య కళాశాలలో అఖిల భారత పందుల పరిశోధనా పథకం కింద దశాబ్దాలుగా పని జరుగుతోంది.

ఎలా కొలుస్తారు?

వరుసగా చెబుతాము.

మొదట, పశువైద్యులు పందికి మత్తు ఇచ్చి చిన్న శస్త్రచికిత్స చేస్తారు. చిన్నప్రేగు ముగిసి పెద్దప్రేగు మొదలయ్యే చోటికి కొంచెం ముందు చిన్న గొట్టం అమర్చి, దాని మూతిని పక్క నుండి బయటకు తెస్తారు. మామూలు సమయంలో మూతకు బిరడా ఉంటుంది. పంది కోలుకుని మామూలుగా తిని తిరిగేవరకు ఆగుతారు.

రెండవది, పరీక్షించే మేతను పెడతారు. అందులో ఒంటికి ఏమాత్రం పట్టని ఒక గుర్తు పొడిని బాగా కలుపుతారు. క్రోమిక్ ఆక్సైడ్ అనే పచ్చని పొడి గాని, టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని పొడి గాని వాడతారు. కిలో మేతకు 3 నుండి 5 గ్రాములు చాలు.

మూడవది, ఆ మేతకు కొన్ని రోజులు అలవాటు పడనిచ్చి, తరువాత రెండు రోజులు గొట్టం ద్వారా వచ్చే పదార్థాన్ని సేకరిస్తారు. వెంటనే గడ్డకట్టించి, ఆరబెట్టి, ప్రయోగశాలలో అమైనో ఆమ్లాలను, గుర్తు పొడిని కొలుస్తారు. ఒక్క పందితో తేల్చరు. ఒక్కొక్క మేతను అనేక పందుల మీద చూసి సగటు తీస్తారు.

గుర్తు పొడి ఎందుకు? ఒక లీటరు పాలలో గుప్పెడు యాలకుల గింజలు వేసి మరిగించారనుకోండి. పాలు పావు వంతుకు ఇగిరితే గింజలు నాలుగింతలు చిక్కగా కనిపిస్తాయి. గింజలు పెరగలేదు, పాలు తగ్గాయి. అలాగే గుర్తు పొడి ఎంత చిక్కబడిందో చూస్తే, మేత ఎంత జీర్ణమై తగ్గిందో తెలుస్తుంది.

అర్థం కావడానికి ఒక చిన్న లెక్క వేద్దాము. కిలో మేతలో 10 గ్రాముల లైసిన్, 4 గ్రాముల గుర్తు పొడి ఉన్నాయనుకుందాం. చిన్నప్రేగు చివర సేకరించి ఆరబెట్టిన కిలో పదార్థంలో 16 గ్రాముల గుర్తు పొడి, 6 గ్రాముల లైసిన్ ఉన్నాయి. పొడి నాలుగింతలు చిక్కబడింది కాబట్టి, కిలో మేత అక్కడికి వచ్చేసరికి పావు కిలో అయింది. ఆ పావు కిలోలో లైసిన్ ఒకటిన్నర గ్రాము. తిన్నది 10 గ్రాములు, మిగిలింది ఒకటిన్నర. అంటే 85 శాతం ఒంటికి పట్టింది.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. ఆ మిగిలిన ఒకటిన్నర గ్రాము అంతా మేతలోదే కాదు. జీర్ణరసాలు, ప్రేగుల జిగురు, రాలిపోయే కణాలు, వీటిలో కూడా ప్రోటీను ఉంటుంది. ఇది పంది తన సొంత శరీరం నుండి ప్రేగులోకి విడిచినది. ప్రోటీను లేని మేతను కొద్దిరోజులు పెట్టి, అప్పుడు వచ్చేది కొలిస్తే ఈ సొంత ఖర్చు తెలుస్తుంది. పై లెక్కలో అది అర గ్రాము అనుకుంటే, మేతలో జీర్ణం కానిది ఒక్క గ్రామే. అప్పుడు అసలు జీర్ణశాతం 90 అవుతుంది. ఇలా సరిచేసిన అంకెనే ఇప్పుడు మేతల పట్టికలలో వాడుతున్నారు.

పేడను తూచితే సరిపోదా?

పూర్వం అలాగే చేసేవారు. అది సులువు. శస్త్రచికిత్స అక్కరలేదు. కాని పెద్దప్రేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. చిన్నప్రేగులో జీర్ణం కాక మిగిలిన ప్రోటీనును అవి తినేస్తాయి. అందులోని నత్రజని అమ్మోనియాగా మారి రక్తంలోకి వెళ్ళి చివరకు మూత్రంలో పోతుంది. పేడలో కనిపించలేదు కాబట్టి ఒంటికి పట్టిందనుకుంటాము. నిజానికి కండకు ఏమీ చేరలేదు. మూటలోని బియ్యం దారిలో చిల్లుపడి రాలిపోతే, ఖాళీ మూట చూసి ఇంట్లో వండుకున్నారని చెప్పినట్టు ఉంటుంది. అందుకే లెక్క చిన్నప్రేగు చివరనే తీయాలి.

పందులు పెంచేవారికి ఈ లెక్క ఏం చెబుతుంది?

నాగార్జునసాగర్ ఎడమ కాలువ పుణ్యమా అని మన ప్రాంతంలో వరి సమృద్ధిగా పండుతుంది. మిర్యాలగూడ రైసు మిల్లుల నుండి తవుడు, నూకలు దొరుకుతాయి. పత్తి పండుతుంది కాబట్టి పత్తిగింజల చెక్క కూడా దొరుకుతుంది. పందులకు ఇవే ఎక్కువగా పెడతారు. పరీక్షల్లో తేలిన దాని ప్రకారం, బాగా తయారైన సోయా చెక్కలోని లైసిన్ దాదాపు 90 శాతం ఒంటికి పడుతుంది. తవుడులోదీ, పల్లి చెక్కలోదీ సుమారు మూడు వంతులు. పత్తిగింజల చెక్కలోది ఇంకా తక్కువ. 60 శాతానికి కాస్త పైన మాత్రమే. పత్తిగింజలలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. అది లైసిన్‌ను పట్టేసుకుంటుంది, ఎక్కువైతే పందికి హాని చేస్తుంది.

అందువలన ఒక్క తవుడే ఎంత పోసినా లాభం లేదు. తవుడు, నూకలకు తోడు కొంత సోయా చెక్క కలిపితే తక్కువ మేతతో ఎక్కువ కండ వస్తుంది. సోయా గింజలను పచ్చిగా పెట్టవద్దు. వాటిలో ప్రోటీనును జీర్ణం కానివ్వని పదార్థం ఉంటుంది. ఉడికిస్తేనే అది పోతుంది. అలాగని మాడ్చవద్దు. ఎక్కువ వేడికి లైసిన్ చక్కెరలతో అతుక్కుని పనికిరాకుండా పోతుంది. పల్లి చెక్కకు బూజు పడితే పారవేయండి. ఆ బూజు విషం కాలేయాన్ని పాడు చేస్తుంది. హోటళ్ళ నుండి తెచ్చిన మిగులు అన్నం, కూరలు పెట్టేవారు వాటిని కనీసం అరగంట మరిగించి పెట్టాలి. 2020లో మన దేశంలోకి వచ్చిన ఆఫ్రికా పంది జ్వరం మనుషులకు రాదు గాని, పందుల కొట్టాన్నే ఖాళీ చేస్తుంది. అది ఇలాంటి ఎంగిలి మేత వలన కూడా వ్యాపిస్తుంది.

పంది నుండి మనిషికి

మనుషుల ప్రేగుకు ఇలా గొట్టం అమర్చి పరీక్ష చేయలేము కదా. అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ప్రచురించిన నివేదికలో ఒక పద్ధతి సూచించింది. ఆహారంలోని ప్రతి ఆవశ్యక అమైనో ఆమ్లం చిన్నప్రేగు చివరకు ఎంత జీర్ణమవుతుందో విడివిడిగా చూడాలి. మనుషులలో కొలిచిన అంకె ఉంటే అది వాడాలి. లేకపోతే పెరిగే పందిలో కొలిచినది వాడాలి. అదీ లేకపోతే ఎలుకలో కొలిచినది వాడాలి. పంది మేత శాస్త్రం మన కంచం దగ్గరికి వచ్చింది ఇలాగే.

కొన్నిసార్లు జబ్బు వలన పెద్దప్రేగు తీసివేయించుకుని, చిన్నప్రేగు చివరను పొట్ట మీదికి తెరిపించుకున్న రోగులు తమంతట తాము ఇలాంటి పరీక్షలకు ఒప్పుకున్నారు. 1998లో బెల్జియంలో అలాంటి 5గురు రోగుల సహాయంతో గుడ్డును పరీక్షించారు. ఉడికిన గుడ్డులోని ప్రోటీను సుమారు 91 శాతం జీర్ణమైంది. పచ్చి గుడ్డులోది సుమారు 51 శాతమే! పచ్చి గుడ్డు తాగితే బలమని మన ఊళ్ళలో ఇప్పటికీ నమ్ముతారు. ఉడికించి తింటేనే బలం, పైగా క్రిముల భయం ఉండదు.

మన దేశంలో బెంగుళూరులోని సెయింట్ జాన్స్ సంస్థలో ఇంకా మంచి పద్ధతి అమలుచేశారు. ఆ వైద్య కళాశాలను కథోలిక బిషప్పుల సంఘం 1963లో స్థాపించింది. అక్కడి పరిశోధకులు పెసర వంటి మొక్కలకు ఒక ప్రత్యేకమైన బరువు నీటిని పోసి పెంచారు. ఆ నీటి గుర్తు గింజలోని అమైనో ఆమ్లాలలో చేరుతుంది. ఇది రేడియోధార్మికం కాదు, హాని లేదు. ఆ పప్పును వండి, జీర్ణశాతం ముందే తెలిసిన మరొక గుర్తు పదార్థంతో కలిపి తినిపించారు. తరువాత కొద్ది గంటలు రక్తం తీసి రెండు గుర్తులనూ పోల్చి చూశారు. ప్రేగుకు గొట్టం లేకుండానే జవాబు దొరికింది.

2019లో ప్రచురించిన ఆ ఫలితాలలో రెండేళ్ళలోపు పిల్లలకు గుడ్డు సుమారు 87 శాతం, అన్నం 78 శాతం, రాగులు 68 శాతం, పొట్టుతో ఉన్న పెసలు 65 శాతం ఒంటికి పట్టాయి. పెద్దవారిలో పొట్టు పెసలు 63 శాతం ఉంటే, పొట్టు తీసిన పెసరపప్పు 71 శాతానికి పెరిగింది. పొట్టు తీయడం అనే చిన్న పని వలన వచ్చిన తేడా ఇది.

మన కంచం లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. 50 కిలోల బరువున్న పెద్దమనిషికి రోజుకు సుమారు 1500 మిల్లీగ్రాముల లైసిన్ కావాలి. ఆయన రోజంతా 400 గ్రాముల బియ్యం వండుకుని పచ్చడితో, పలుచని చారుతో తిన్నాడనుకుందాం. అందులో ఒంటికి పట్టే లైసిన్ దాదాపు 900 మిల్లీగ్రాములు. కడుపు నిండింది గాని లెక్క నిండలేదు.

అదే మనిషి బియ్యం 300 గ్రాములకు తగ్గించి, 60 గ్రాముల కందిపప్పు, ఒక ఉడికిన గుడ్డు తిన్నాడనుకుందాం. బియ్యం నుండి సుమారు 690, పప్పు నుండి 600, గుడ్డు నుండి 360. మొత్తం 1600 దాటుతుంది. గుడ్డు తిననివారికి ఒక గ్లాసు పాలు గాని పెరుగు గాని ఆ పని చేస్తాయి. బియ్యంలో లైసిన్ తక్కువ. పప్పులో లైసిన్ ఎక్కువ గాని మిథియోనిన్ తక్కువ. అది బియ్యంలో ఉంది. ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. మన పెద్దలు పప్పన్నం తిన్నది ఊరికే కాదు.

2025 ఉగాది నాడు మన జిల్లాలోని హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది. మనిషికి నెలకు 6 కిలోలు వస్తున్నాయి. సంతోషమే. అన్నానికి కొదువ తగ్గింది కాబట్టి, ఆ మిగిలిన డబ్బులో కొంత పప్పుకు, గుడ్డుకు కేటాయించమని మా మనవి. నలుగురున్న ఇంట్లో రోజుకు పావు కిలో పప్పు వండితేనే మనిషికి 60 గ్రాములు అందుతాయి. గిన్నెడు నీళ్ళలో గుప్పెడు పప్పు వేస్తే అది చారే గాని పప్పు కాదు.

ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి

జార్ఖండ్ రాష్ట్రంలో 2019 నుండి 2022 వరకు క్షయ రోగుల కుటుంబాలలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 2800 మంది రోగులు, వారి ఇళ్ళలోని 10,345 మంది కుటుంబసభ్యులు అందులో ఉన్నారు. రోగులందరికీ ఆహారం ఇచ్చారు. సగం ప్రాంతాలలో కుటుంబసభ్యులకు కూడా ఇచ్చారు. పెద్దవారికి నెలకు 5 కిలోల బియ్యం, ఒకటిన్నర కిలోల కందిపప్పు, విటమిన్ మాత్రలు. అంతే. 2023లో ఫలితాలు వచ్చాయి. ఆహారం అందిన కుటుంబాలలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటించే ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గింది. ఇందులో ఖరీదైన డబ్బా ఒక్కటీ లేదు. అన్నం, పప్పు. మా క్షయ రోగులకు మందుల చీటీ ఇస్తూ "ఇంట్లో అందరూ ఏం తింటున్నారు?" అని అడిగేది ఇందుకే.

పిల్లల విషయంలోనూ ఇదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఆ సంస్థ రూపొందించిన "హైదరాబాదు మిక్స్" ప్రసిద్ధమైనది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. అన్నీ మన కిరాణా దుకాణంలో దొరికేవే. ధాన్యం, పప్పు, గింజలు కలిస్తే అమైనో ఆమ్లాలు ఒకదానికొకటి తోడవుతాయి. బెల్లం, పల్లీల నూనె శక్తినిస్తాయి. శక్తి చాలకపోతే శరీరం ప్రోటీనునే కట్టెలా కాల్చేస్తుందని మరువవద్దు.

ఇంట్లో చేయదగినవి

1. పప్పును నానబెట్టి, మెత్తగా ఉడికించండి. పసిపిల్లలకు పొట్టు తీసిన పప్పు వాడండి.
2. పెసలు, శనగలు మొలకెత్తించి ఉడికించి పెట్టండి. ఇడ్లీ, దోసెల పిండి పులియబెట్టడం కూడా మేలు చేస్తుంది.
3. ధాన్యం, పప్పు ఒకే పూటలో ఉండేలా చూడండి. పులగం, పప్పన్నం, పల్లి చట్నీతో ఇడ్లీ, పెరుగన్నం మంచి జతలు.
4. గుడ్డును ఉడికించే తినండి.
5. గింజలు దోరగా వేయించండి. నల్లగా మాడ్చవద్దు.
6. గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీలో ఇచ్చే భోజనం, గుడ్డు, పాలు వదులుకోవద్దు. అవి ఇంటికి తెచ్చి అందరికీ పంచడం వలన తల్లికి అందవలసినది అందదు.
7. డబ్బా పౌడరు కొనేముందు ఆ డబ్బుకు ఎన్ని గుడ్లు, ఎంత పప్పు వస్తాయో లెక్క వేయండి.

కొన్ని జాగ్రత్తలు

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పకుండా ప్రోటీను పెంచకూడదు. పిల్లవాడి పాదాలు వాచినా, బాగా నీరసించి తినలేకపోతున్నా ఇంట్లో బలవంతంగా పెట్టవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. తరచూ విరేచనాలు అవుతున్న పిల్లవాడికి మంచి తిండి కూడా ఒంటికి పట్టదు. ముందు వైద్యం, శుభ్రమైన నీరు కావాలి.

పందులు పెంచేవారికి ఒక మాట. వాటిని కొట్టంలోనే ఉంచండి, ఆరుబయట మలవిసర్జన చోటికి వదలవద్దు. మనిషి మలంలోని బద్దెపురుగు గుడ్లు తిన్న పందికి మాంసంలో తిత్తులు ఏర్పడతాయి. ఆ మాంసం సరిగా ఉడకకుండా తిన్నవారికి కడుపులో బద్దెపురుగు వస్తుంది. ఆ మనిషి చేతులు కడుక్కోకపోతే ఆ గుడ్లు ఇంట్లో మాంసం ముట్టనివారి నోటికి కూడా చేరి, మెదడులో తిత్తులై మూర్ఛ తెప్పించగలవు. మరుగుదొడ్డి, సబ్బు, బాగా ఉడికిన మాంసం, ఈ మూడూ ఉంటే భయం లేదు. పందుల పెంపకం కష్టపడి చేసే పని. దానిని ఎవరూ చిన్నచూపు చూడవద్దు.

చివరిగా

దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం మీకందరికీ తెలుసు. దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు రాజు భోజనం వద్దని, శాకధాన్యాలు, నీళ్ళు ఇచ్చి పది రోజులు పరీక్షించి చూడమన్నారు. పది రోజుల తరువాత ముఖాలు పోల్చి చూశారు. వారి విశ్వాసాన్ని దేవుడు ఘనపరిచాడు. పరీక్షించి చూసి, ఆ తరువాతే నమ్మమనే ఆ ధైర్యం మనకూ మంచి మాదిరి. మీరు కూడా ఈ నెల మీ పిల్లలను అంగన్‌వాడీలో గాని మన ఆసుపత్రిలో గాని తూయించండి. పప్పు, గుడ్డు రోజూ పెట్టి వచ్చే నెల మళ్ళీ తూయించండి. బరువు కార్డు వెంట తీసుకురండి. ఒంటికి పడుతున్నదో లేదో మీతో కలిసి మేము కూడా చూస్తాము.

దేవుడు మీ ఇంటి భోజనాన్ని ఆశీర్వదించును గాక.